టర్బో సీలో మెమరీ క్రాష్: నాకు పనిచేసిన పద్ధతి

పాత 386 కంప్యూటర్ మీద డాస్‌లో టర్బో సీ ప్లస్‌ప్లస్ 3.0 కంపైలర్ వాడుతున్నాను. 200 వరుసలు, 200 నిలువుల ఇంట్ (పూర్ణసంఖ్యల) మ్యాట్రిక్స్ కోసం మాలాక్ (మెమరీ అడిగే ఫంక్షన్) పిలిస్తే నల్ (మెమరీ దొరకలేదన్న సూచన) రాలేదు. కానీ విలువలు నింపుతుంటే మెషీన్ బిగుసుకుపోయేది. రీబూట్, అనవసర టీఎస్ఆర్‌లు (మెమరీలోనే ఉండిపోయే ప్రోగ్రాములు) తీసేయడం, హైమెమ్ (అదనపు మెమరీ డ్రైవర్) మార్చడం, వేరే ర్యామ్, ఏవీ పనిచేయలేదు.

కాగితం మీద లెక్క వేస్తే విషయం తెలిసింది. ఇందులో ఇంట్ 2 బైట్లు, కాబట్టి కావాల్సింది 80,000 బైట్లు. మాలాక్ తీసుకునే సైజు 16 బిట్లే, అంటే గరిష్ఠంగా 65,535. 80,000 లోంచి 65,536 పోగా మిగిలిన 14,464 బైట్లే అది ఇచ్చింది! నల్ చెక్ ఉన్నా లాభం లేకపోయింది. రెండు రోజుల టెన్షన్‌కు కారణం ఇదే.

ముందు ఆప్షన్స్, కంపైలర్, కోడ్ జనరేషన్‌లో మోడల్‌ను స్మాల్ (డేటా మొత్తం 64 కేబీ లోపే) నుంచి, అంతకు మించి వాడనిచ్చే లార్జ్‌కి మార్చాను. తర్వాత ఒకే పెద్ద మాలాక్ తీసేసి, 200 పాయింటర్ల (మెమరీ చిరునామాల) అర్రే పెట్టి, వరుసకు 400 బైట్ల చొప్పున విడివిడిగా తీసుకున్నాను. ప్రతిసారీ నల్ చెక్ చేశాను. చివర్లో బిల్డ్ ఆల్ (అన్ని ఫైళ్లూ మళ్లీ కంపైల్) ఇచ్చాను. ఇది మరవద్దు, పాత స్మాల్ మోడల్ ఆబ్జెక్ట్ ఫైళ్లు (ముందే కంపైలైనవి) కలిస్తే మళ్లీ క్రాషే.

మీ మ్యాట్రిక్స్ 64 కేబీ లోపే ఉండి కూడా ఆగిపోతుంటే కారణం బహుశా వేరే, ముందు అర్రే హద్దులు చూడండి.