చెప్పుల జతతో భయపెట్టడం ఎలా? రెండు నిమిషాల థ్రిల్లర్ ఓపెనింగ్ తీసే పద్ధతి

స్టూడెంట్ థ్రిల్లర్లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. కటిక చీకటి, హుడీ వేసుకున్న మనిషి, చేతిలో కత్తి, చెవులు పగిలే బీజీఎం. ఇంత ఉన్నా చూసేవాళ్లు ఫోన్ తీసి మెసేజ్‌లు చూసుకుంటారు. ఎందుకంటే ఆ మనిషెవరో, ఎవరి వెంట పడుతున్నాడో, అడ్డుకోవాలంటే ఏం చేయాలో వాళ్లకేమీ తెలియదు. ఏం జరగబోతోందో కాస్తయినా తెలిస్తేనే కదా ఎదురుచూసేది!

1958లో వచ్చిన ఆర్సన్ వెల్స్ సినిమా 'టచ్ ఆఫ్ ఈవిల్' మొదటి షాట్‌లోనే ఒకడు టైమర్ తిప్పి, కారు డిక్కీలో బాంబు పెట్టి పారిపోతాడు. ఆ తర్వాత మూడు నిమిషాలకు పైగా ఒక్క కట్ కూడా ఉండదు. కారు వీధుల్లో మెల్లగా వెళ్తుంటుంది, పక్కనే ఒక జంట కబుర్లు చెప్పుకుంటూ నడుస్తుంటుంది. అక్కడున్న వాళ్లకు అంతా మామూలే. మనకు మాత్రం డిక్కీలో ఏముందో తెలుసు. స్టూడెంట్ సినిమాకు కెమెరా మోసే అంత క్రేన్, అంత వీధి అక్కర్లేదు గానీ లెక్క మాత్రం అదే: పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి ముందే చెప్పి, తర్వాత ఆలస్యం చేయాలి.

నిడివి రెండు నిమిషాలు పెట్టుకోండి. బ్రిటన్‌లో ఏఎస్ స్థాయి (మన ఇంటర్ లాంటిది) మీడియా స్టడీస్ విద్యార్థులకు చాలా ఏళ్లు ఇచ్చిన కోర్స్‌వర్క్ కూడా ఇలాంటిదే: కొత్త సినిమాకు టైటిల్స్‌తో సహా రెండు నిమిషాలు దాటని ఓపెనింగ్. ఒక ఫ్లాట్, ఒక నటి, రెండు ఫోన్లు, ఒక సాయంత్రం ఉంటే ఇది అయిపోతుంది.

1. ముందు ప్రేక్షకుడికి ఏం చెప్పాలో తేల్చుకోండి

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. లత ఒక్కతే ఉండే ఫ్లాట్. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చింది. గుమ్మం ముందు ఎవరివో మగవాళ్ల చెప్పులు, తడిగా ఉన్నాయి. తలుపుకి మాత్రం బయట తాళంకప్ప వేలాడుతోంది.

మన ఇళ్లలో గుమ్మం ముందు చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టే. తాళం ఉంటే లేనట్టు. రెండూ వెంటవెంటనే కనిపించాయంటే ఎవరూ వివరించకుండానే ప్రేక్షకుడి బుర్ర పనిచేయడం మొదలవుతుంది. కత్తి కంటే ఈ చెప్పుల జతే నయం, పైగా ఖర్చు లేదు.

లత ఆ చెప్పులు చూడకూడదు. కానీ ఎందుకు చూడలేదో కారణం ఉండాలి, లేకపోతే "ఈ పిల్లకి కళ్లు లేవా" అనుకుంటారు, అక్కడితో పట్టు పోతుంది. ఒక చేతిలో కూరగాయల సంచి, చెవికీ భుజానికీ మధ్య ఫోన్, కారిడార్‌లో బల్బు లేదు. ఇంతే చాలు.

జవాబు మీకు తెలిసి ఉండాలి, తెర మీద చెప్పక్కర్లేదు. మన కథలో వచ్చింది ఇద్దరు. చెప్పులు విప్పినవాడు మెట్ల మలుపులో నిలబడ్డాడు. లోపల ఇంకొకరు ఉన్నారు, తాళం తీస్తున్న చప్పుడు విని బెడ్‌రూమ్‌లో ఫ్యాన్ కట్టేశారు. లత వెళ్లేసరికి రెక్కలు ఇంకా మెల్లగా తిరుగుతుంటాయి. ఆమె అటు చూస్తుండగా వెనక మెయిన్ డోర్‌కి బయటి గడియ పడుతుంది. జవాబు తేల్చుకోకుండా తీసిన సస్పెన్స్ ఎడిటింగ్ టేబుల్ మీద దొరికిపోతుంది. ఏ షాట్ ఉంచాలో ఏది తీసేయాలో ఎవరూ చెప్పలేరు.

2. షాట్లు రాసుకోండి

పదహారు, పద్దెనిమిది షాట్లు చాలు. మొదటి పది సెకన్లు నల్లటి తెర, పేర్లు, మెట్లెక్కే అడుగులు, తాళాల గుత్తి చప్పుడు. తర్వాత నేలకు బెత్తెడు ఎత్తులో కెమెరా. తడి చెప్పులు దగ్గరగా, వెనక మసకగా లత పాదాలు వచ్చి ఆగుతాయి. తన చెప్పులు వాటి పక్కనే విప్పుతుంది. ఈ షాట్ ఏడు సెకన్లు ఉండాలి. మూడు సెకన్లకే కోస్తే సగం మంది చెప్పుల్ని గమనించరు, గమనించకపోతే ఆ తర్వాత వచ్చే నిమిషమున్నర వృథా.

రెండోది తాళం తీస్తున్న చేతులు. మూడోది హాలు మొత్తం కనిపించే వైడ్. దీన్ని చాలామంది ఎగ్గొడతారు, క్లోజప్‌లుంటే చాలనుకుంటారు. మెయిన్ డోర్ ఎక్కడ, బెడ్‌రూమ్ ఎటు, బాల్కనీ ఎటు అన్నది మొదటి నలభై సెకన్లలో తెలియాలి. తెలియకపోతే చివర్లో గడియ పడినప్పుడు అది ఏ తలుపో ఎవరికీ అర్థం కాదు. గుమ్మానికీ బెడ్‌రూమ్‌కీ మధ్య నేల మీద మనసులోనే ఒక గీత గీసుకుని, కెమెరా ఎప్పుడూ దానికి ఒక పక్కనే ఉండేట్టు చూసుకోండి. గీత దాటితే ఎడమ నుంచి కుడికి నడిచిన లత తర్వాతి షాట్‌లో వెనక్కి తిరిగి వస్తున్నట్టు ఉంటుంది.

హాలు వైడ్‌లో లతను ఫ్రేము మూలకు నెట్టి, సగం తెరిచిన బెడ్‌రూమ్ తలుపును ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీ వైపే కళ్లు పోతాయి. అక్కడ ఎవరినీ నిలబెట్టకండి! వెనక నీడ దాటిపోవడం అందరూ చేసేదే, చూసేవాళ్లు నవ్వుతారు కూడా.

3. ఫోన్ సెట్టింగులు బిగించండి

ఆటోలో తీస్తే మనిషి కదిలినప్పుడల్లా వెలుగు పెరిగి తగ్గుతుంది, భయం కాస్తా టీవీ సీరియల్ అయిపోతుంది. మాన్యువల్ సెట్టింగులున్న కెమెరా యాప్ వాడండి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేము వెలుగు తీసుకునే సమయం) సెకనులో 1/50 వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉంటే ఆ మినుకు వీడియోలో పడదు. 1/60 పెడితే కొన్ని బల్బుల కింద తెర మీద పట్టీలు పాకుతాయి. ఐఎస్ఓ (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే అంకె) 800 దాటనివ్వకండి. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు తగ్గట్టు చేసే సర్దుబాటు) రెండూ లాక్ చేయండి. డిజిటల్ జూమ్ వద్దు, ఫోన్ పట్టుకుని దగ్గరికి నడవండి. అల్ట్రావైడ్ లెన్స్ రాత్రిపూట చాలా ఫోన్లలో చుక్కలు చుక్కలుగా వస్తుంది.

4. చీకటిని తీయకండి, వెలుగును తీయండి

చీకటి కావాలని లైట్లన్నీ ఆర్పేయడమే పెద్ద తప్పు. ఫోన్‌కి వెలుగు అందక బొమ్మంతా బూడిదరంగు చుక్కలతో నిండిపోతుంది. ట్యూబ్‌లైట్ ఆపేసి, 9 వాట్ల వార్మ్ వైట్ ఎల్‌ఈడీ బల్బు ఒక్కటి వంటింటి గుమ్మం లోపల, కెమెరాకు కనపడకుండా పెట్టండి. వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్. లత ముఖానికి ఒక పక్క నుంచే వెలుగు పడాలి. రెండో పక్క తెల్లగోడ ఉంటే అది వెలుగును తిప్పికొట్టి నీడను చెడగొడుతుంది. అటువైపు నల్ల దుప్పటి గానీ తెరిచిన నల్ల గొడుగు గానీ పట్టుకోండి. ఇంకా చీకటి కావాలంటే ఎడిటింగ్‌లో తగ్గించుకోవచ్చు. తక్కువ వెలుగులో తీసినదాన్ని పెంచితే మాత్రం బొమ్మ పాడవుతుంది.

ఈ పని మీద గంట పోయినా ఫర్వాలేదు.

5. ఫ్యాన్ షాట్ దగ్గర తీరిగ్గా ఉండండి

రెండు నిమిషాల్లో గుండె లాంటి చోటు ఇదే. ఫ్యాన్ కట్టేసి, కెమెరా ఆన్ చేసి వదిలేయండి. రెక్కలు విడివిడిగా లెక్కపెట్టగలిగే వేగానికి వచ్చిన దగ్గర్నుంచి ఆగేదాకా మొత్తం ఒకే టేక్. మంచం మీద ఫోన్ వెల్లకిలా పెట్టి తీస్తే చాలు. ఇలాంటివి నాలుగు టేకులు చేయండి, ఏ వేగం దగ్గర భయం బాగుందో ఎడిటింగ్‌లోనే తెలుస్తుంది.

తర్వాత లత ముఖం. ఇక్కడ నటించవద్దని చెప్పండి. కళ్లు పెద్దవి చేయడం, ఊపిరి ఎగబీల్చడం ఏవీ వద్దు. పైకి చూస్తూ ఇంట్లో ఎన్ని ఫ్యాన్లున్నాయో మనసులో లెక్కపెట్టమనండి. మామూలు ముఖం, తిరుగుతున్న ఫ్యాన్, మళ్లీ అదే ముఖం. ఈ మూడూ వరసగా పేరిస్తే భయం ప్రేక్షకుడే ఆ ముఖం మీద చదువుకుంటాడు. రష్యన్ దర్శకుడు లెవ్ కులషోవ్ వందేళ్ల కిందటే చేసి చూపించిన సంగతి ఇది.

రెండోసారి ముఖం చూపించేటప్పుడు కెమెరా మెల్లగా దగ్గరికి వెళ్లాలి. గింబల్ (కుదుపు లేకుండా ఫోన్ పట్టే స్టాండు) లేకపోతే, టైల్స్ నేల మీద దుప్పటి మడిచి వేసి, దాని మీద స్టూలు, స్టూలు మీద ఫోన్ ఉన్న చిన్న ట్రైపాడ్ పెట్టి ఒకరు దుప్పటిని లాగాలి. ఎనిమిది సెకన్లలో రెండు అడుగులు, అంతకంటే వేగం వద్దు. ముందు మూడుసార్లు ఉత్తినే లాగి చూసుకోండి, మొదటి కుదుపు ఎప్పుడూ లాగడం మొదలుపెట్టినప్పుడే వస్తుంది. ఆ ముక్క కోసేయవచ్చు కాబట్టి నటన ఒక సెకను ఆగి మొదలవ్వాలి.

చేతిలో పట్టుకుని తీసే షాట్లు ఈ ఘట్టం దాకా వద్దు. గడియ పడ్డాక లత పరిగెత్తే షాట్ ఒక్కటే చేతిలో ఉండనివ్వండి. అప్పటిదాకా కెమెరా కుదురుగా ఉంది కాబట్టే ఆ వణుకు తగులుతుంది.

6. శబ్దాన్ని విడిగా పట్టండి

రెండో ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి రికార్డర్‌గా వాడండి. ప్రతి టేక్ ముందు ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత బొమ్మా శబ్దమూ కలపడం తేలిక. గోడగడియారం బ్యాటరీ తీసేయండి. టిక్‌టిక్ కట్ దగ్గర తేడా కొడుతుంది, ముల్లు కూడా షాటుకొక చోట ఉంటుంది. ఫ్రిజ్ ఆపేసి, మీ బండి తాళాలు అందులో పెట్టండి. తాళాల కోసం తెరిచినప్పుడు ఫ్రిజ్ ఆన్ చేయడం గుర్తొస్తుంది, లేదంటే ఇంటివాళ్ల పాలు విరిగిపోతాయి!

షూటింగ్ అయ్యాక అందరినీ నిశ్శబ్దంగా నిలబెట్టి, ఖాళీ గది శబ్దం నిమిషంపాటు రికార్డ్ చేయండి. రూమ్ టోన్ అంటే ఇదే. ఇది టైమ్‌లైన్ పొడవునా కింద పరుచుకోవాలి. "ఇక్కడ నిశ్శబ్దం కావాలి" అని ఆడియో మొత్తం సున్నా చేస్తే ప్రేక్షకుడు ఫోన్ పాడైందనుకుంటాడు. మిగతా చప్పుళ్లన్నీ తీసేసి రూమ్ టోన్ ఒక్కటే వదిలితే అదే నిశ్శబ్దం.

తర్వాత గడియ, తాళంకప్ప, చెప్పులు విప్పడం, సంచి కింద పెట్టడం, ఒక్కొక్కటీ జానెడు దూరం నుంచి మళ్లీ రికార్డ్ చేసుకోండి. గడియది మాత్రం పదిసార్లు. మెల్లగా జరిపి చివర్లో 'టక్' మనేది కావాలి.

ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) కోసం సినిమాల బీజీఎం వాడితే అప్‌లోడ్ చేయగానే కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. దానికంటే ఫ్యాన్ హోరును రికార్డ్ చేసి, వేగంతో పాటు శ్రుతి కూడా తగ్గేట్టు సగానికి దించండి. శ్రుతి ఒక ఆక్టేవ్ (ఒక పూర్తి స్థాయి) కిందికి దిగి కడుపులో తిప్పినట్టుంటుంది. అయితే మరీ లోతైన శబ్దం ఫోన్ స్పీకర్లో అసలు వినపడదు. మీ సినిమా చూసేది ఫోన్లలోనే కాబట్టి హెడ్‌ఫోన్స్ తీసేసి కూడా ఒకసారి విని చూడండి. వినపడకపోతే అదే హోరును అసలు శ్రుతిలో, సన్నగా పైన కలపండి.

7. కోసేటప్పుడు తొందరపడకండి

చకచకా కోస్తే టెన్షన్ వస్తుందనుకోవడం పొరపాటు. మొదటి డెబ్భై సెకన్లు షాట్లు నాలుగు నుంచి ఏడు సెకన్లు ఉండనివ్వండి. ఫ్యాన్ చూశాక లత బెడ్‌రూమ్ గడప దగ్గర ఆగే షాట్‌ను పది సెకన్లు అలాగే పట్టుకోండి. ఏమీ జరగదు. రెక్కల చప్పుడు ఆగిపోతుంది, హోరు కూడా తీసేయండి. మిగిలేది రూమ్ టోన్ ఒక్కటే. ఏడో సెకను దగ్గర మీకే విసుగొచ్చి కోసేయాలనిపిస్తుంది. కోయకండి.

గడియ చప్పుడు ఈ షాట్ మీదే పడాలి, తలుపు కనపడక ముందు. శబ్దం వచ్చిన పది, పన్నెండు ఫ్రేముల తర్వాత లత తల తిప్పుతుంది, అప్పుడు కట్. ఎడిటింగ్ యాప్‌లోని ఆడియో మీటర్ మీద మాటలు, అడుగులు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే గడియ మైనస్ 6 దాకా వెళ్లవచ్చు. తర్వాత మూడు, నాలుగు పొట్టి షాట్లు, ఒక్కోటి సెకనున్నర: పరుగు, తలుపు లాగే చేయి, కదలని తలుపు.

చివరి షాట్ బయట, మొదటి షాట్ ఉన్న చోటే, అదే ఎత్తు. లత చెప్పులున్నాయి. పక్కన రెండు తడి మరకలు. లోపల నుంచి తలుపు బాదుతున్న చప్పుడు. ఐదు సెకన్లు, తర్వాత నలుపు, టైటిల్. కెమెరా చోటు గుర్తుండటానికి మొదటి షాట్ తీసిన వెంటనే నేల మీద టేప్ అంటించి, ఫొటో తీసిపెట్టుకోండి. తడి కూడా పది నిమిషాల్లో ఆరిపోతుంది, స్ప్రే బాటిల్ దగ్గర ఉంచుకోండి.

టైటిల్ తెలుగులో వేస్తే ఒత్తులు సరిగా పడ్డాయో లేదో చూడండి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో అవి విడిపోయి పక్కకు వస్తాయి. అలాంటప్పుడు అక్షరాలు సరిగ్గా వచ్చే ఇంకో యాప్‌లో టైటిల్‌ను బొమ్మగా చేసుకుని తెచ్చి పెట్టుకోవాలి.

8. ముగ్గురికి చూపించండి

యూనిట్‌లో లేనివాళ్లు, కథ వినని వాళ్లు అయి ఉండాలి. నలభయ్యో సెకను దగ్గర ఆపి, "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని మాత్రం అడగండి. చెప్పుల మాట మీరు ఎత్తకూడదు. ముగ్గురిలో ఇద్దరు చెప్పుల సంగతి వాళ్లంతట వాళ్లే చెప్తే మొదటి షాట్ సరిపోయింది. చెప్పకపోతే దానికి ఒక సెకను కలిపి, వేరే ముగ్గురిని పట్టుకోండి. పూర్తిగా చూపించేటప్పుడు తెర వైపు కాదు, వాళ్ల వైపు చూడండి. ఆ పది సెకన్ల షాట్‌లో ఎవరైనా ఫోన్ వైపు చేయి పోనిచ్చారంటే, తప్పు ఆ షాట్‌లో కంటే దానికి ముందున్న ఫ్యాన్ దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ. వెనక్కి వెళ్లి రెక్కలు ఇంకాస్త మెల్లగా తిరిగే టేక్ పెట్టి చూడండి.