నీటితో ఇంటిని వేడి చేయడం – 7వ పాఠం: పంపు హెడ్‌లో మేడ ఎత్తు కలపకండి

ఈసారి రేడియేటర్ల బ్యాలెన్సింగ్, అంటే ప్రతి రేడియేటర్‌కూ దాని వంతు నీరు అందేలా వాల్వులు సరిచేయడం, మొదలుపెడదామనుకున్నాం. దాన్ని పాఠం చివరికి జరిపాను. కిందటిసారి ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చాలావరకు ఒకే మెట్టు దగ్గర జారాయి. పంపే తప్పయితే ఆ మీద వాల్వులు ఎన్నిసార్లు తిప్పినా ఇల్లు కుదురుకోదు.

లెక్క మళ్లీ చూడండి. ఇంగ్లండ్‌లో ఒక మూడంతస్తుల ఇల్లు. బాయిలర్, పంపు, ఎక్స్‌పాన్షన్ వెసెల్ (వేడికి పెరిగిన నీటికి చోటిచ్చే, ఒకవైపు గాలి నింపిన డబ్బా) మూడూ సెల్లారులో ఉన్నాయి. అన్నిటికన్నా పైనున్న రేడియేటర్, సెల్లారులోని గేజికి 8 మీటర్ల ఎత్తున ఉంది. గట్టి చలిరోజున ఇంటికి కావలసిన వేడి 12 కిలోవాట్లు. రేడియేటర్లకు వెళ్లే సప్లై నీరు 70 డిగ్రీలు, బాయిలర్‌కు తిరిగొచ్చే రిటర్న్ 50 డిగ్రీలు. పంపుకు ఫ్లో (గంటకు తిప్పే నీరు) ఎంత, హెడ్ (నీటిని తోసే పీడనం, మీటర్ల నీటి ఎత్తుగా చెప్పేది) ఎంత?

ఫ్లో దగ్గర ఎవరూ తడబడలేదు. లీటరు నీరు ఒక డిగ్రీ చల్లారితే 1.163 వాట్-గంటల వేడి వదులుతుంది. 12,000 ÷ (1.163 × 20) అంటే గంటకు సుమారు 516 లీటర్లు. సరిపోయింది.

హెడ్ దగ్గరే గొడవ. "ఎత్తు 8 మీటర్లు, రాపిడి 2 మీటర్లు, మొత్తం 10 మీటర్లు" అని రాశారు. రాపిడి 2 మీటర్లు సరైనదే. ఆ 8 మీటర్లు ఈ లెక్కలోవి కావు.

ఈ తప్పు ఎక్కడ పుట్టిందో తెలుసు. హైదరాబాదులో కూర్చుని బ్రిటన్, అమెరికా ఇళ్లకు డ్రాయింగులు చేసేవాళ్లలో చాలామందికి మొదట అలవాటైన పంపు సంపులోంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీరెక్కించే మోటారు. అక్కడ పైపు కొస గాలిలోకి తెరుచుకుని ఉంటుంది. పైకెక్కిన నీరు ట్యాంకులో పడిపోతుంది, తిరిగి మోటారు దగ్గరికి రాదు. ఎక్కించిన ప్రతి మీటరు ఖర్చూ మోటారే పెట్టుకోవాలి. బోరు మోటారు కొనేటప్పుడు లోతూ ఎత్తూ కలిపి అడగడం న్యాయమే.

రేడియేటర్ల లూప్ అలాంటిది కాదు. అది మూసిన చుట్టు. బావి గిలక మీద తాడుకు రెండు కొసలా రెండు నిండు చేదలు కట్టారనుకోండి. ఒకటి పైకి రావాలంటే రెండోది కిందికి దిగుతుంది. వాటి బరువు ఒకదానికొకటి చెల్లిపోతుంది. మీ చేతికి తెలిసేది గిలక ఇరుసు రాపిడి ఒక్కటే. బావి ఎంత లోతైనా అంతే. లూప్‌లో సప్లై పైపులో పైకెక్కే నీరు ఒక చేద, రిటర్న్ పైపులో దిగే నీరు రెండో చేద.

గేజీలతో చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. పంపుకు ముందొకటి, తరవాతొకటి గేజి బిగించి పంపు ఆపేయండి. రెండూ 1.3 బార్ చూపిస్తాయి. ఆ 1.3లో 8 మీటర్ల నీటి బరువు తాలూకు 0.8 బార్ ఇప్పటికే ఉంది, పంపుకు రెండువైపులా సమానంగా ఉంది. ఇప్పుడు పంపు వేయండి. వెసెల్ పంపు సక్షన్ (నీటిని లాక్కునే వైపు) పక్కనే ఉంటే ముందు గేజి 1.3 దగ్గరే నిలబడుతుంది, తరవాతి గేజి 1.5కి వెళ్తుంది. పంపు హెడ్ అంటే ఆ రెండింటి తేడా, 0.2 బార్, అంటే 2 మీటర్లు. ఎత్తు రెండు గేజీల్లోనూ ఉంది కాబట్టి తీసివేతలో ఎగిరిపోయింది.

దీని మీద వచ్చిన సందేహాలు కొన్ని.

ఖాళీ పైపులు మొదటిసారి నింపేటప్పుడు ఎత్తు లెక్కలోకి రాదా అని. వస్తుంది, కానీ నింపేది ఈ పంపు కాదు, మున్సిపల్ నీటి పీడనం. ఫిల్లింగ్ లూప్ (కుళాయి నీటిని లూప్‌కు కలిపే చిన్న పైపు) తెరిచి గేజి 1.3కి వచ్చేదాకా నింపి, పై రేడియేటర్ల గాలి వదిలి, మళ్లీ 1.3కి తెచ్చి మూసేయాలి. పైన గాలి బుడగ చిక్కుకుంటే చుట్టు తెగినట్టే, అప్పుడు పై రేడియేటర్ చల్లగానే ఉంటుంది. దానికి మందు గాలి తీయడం, పీడనం సరిచేయడం. పెద్ద పంపు కాదు.

ఇరవై అంతస్తులైతే అని. పంపు హెడ్‌లో అప్పుడూ ఎత్తు కలవదు. 60 మీటర్ల నీరు కింద ఉన్న ప్రతి వస్తువు మీదా దాదాపు 6 బార్ మోపుతుంది. అందుకని బాయిలర్, పంపు బాడీ, రేడియేటర్ల పీడన రేటింగు చూసుకోవాలి. చాలకపోతే మధ్యలో ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్ పెట్టి లూప్‌ను రెండుగా విడదీయాలి.

కూలింగ్ టవర్‌కు ఎత్తు కలుపుతాం కదా అని. అక్కడ నీరు గాలిలో జారి పడుతుంది. ఆ జారుడు మేరకే, అంటే కింద తొట్టిలోని నీటిమట్టం నుంచి పైన నీరు చిమ్మే చోటిదాకా ఉన్న ఎత్తే కలపాలి. టవర్ పదో అంతస్తు మీదున్నా ఆ పది అంతస్తులు కలపకూడదు.

వేడి నీరు తేలిక, చల్ల నీరు బరువు కాబట్టి రెండు చేదలూ సమానం కావు కదా అని కూడా అడిగారు. మంచి ప్రశ్న. 70 డిగ్రీల నీరు ఘనమీటరుకు సుమారు 978 కిలోలు, 50 డిగ్రీలది 988. 8 మీటర్ల ఎత్తులో ఆ తేడా 800 పాస్కల్‌లు, 8 సెంటీమీటర్ల హెడ్. అదీ పంపుకు సాయమే. దాన్ని వదిలేయండి. అయితే పంపు ఆగాక కూడా వేడి నీరు మెల్లగా పైకి పాకేది ఈ బలంతోనే. వేసవిలో వాడకానికి వేడినీటి ట్యాంకు మాత్రమే కాచుకుంటుంటే పై గది రేడియేటర్ వెచ్చగా ఉందంటే ఆ పైపులో చెక్ వాల్వు (నీటిని ఒకవైపే పోనిచ్చేది) లేకపోయి ఉండొచ్చు, లేదా సరిగా మూసుకోకపోవచ్చు.

ఇక అసలు హెడ్. అన్నిటికన్నా కష్టమైన దారి ఒక్కటి పట్టుకోండి. సప్లై, రిటర్న్ కలిపి 40 మీటర్ల పైపు. 22 మిల్లీమీటర్ల రాగి పైపులో 516 లీటర్లు పోతే మీటరుకు 130 పాస్కల్‌ల పీడనం రాపిడికి పోతుంది. నేను 150 వేసుకుంటాను: 6 కిలోపాస్కల్‌లు. ఎల్బోలు, టీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టను, పైపు నష్టంలో 40 శాతం కలుపుతాను: 2.4. రేడియేటర్‌కు ముందున్న థర్మోస్టాటిక్ వాల్వు (గది వేడిని బట్టి తానే మూసుకునేది) 4, వెనకున్న లాక్‌షీల్డ్ వాల్వు (ఒకసారి సరిచేసి వదిలేసేది) 2. బాయిలర్, ఫిల్టర్ కలిపి 6. మొత్తం 20.4 కిలోపాస్కల్‌లు. మీటరు నీటికి 9.81 కిలోపాస్కల్‌లు కాబట్టి దానితో భాగిస్తే 2.1 మీటర్లు. ఇదే మెయిన్‌ను డబ్బు ఆదా అని 15 మిల్లీమీటర్ల పైపుతో వేస్తే మీటరుకు 900 పాస్కల్‌ల దాకా పోతుంది, ఆరేడు రెట్లు. ఇంట్లో హెడ్ నిజంగా పెరిగేది పైపు సన్నబడితేనే.

10 మీటర్ల పంపు పెడితే ఏమవుతుందో చూడండి. లూప్ అడిగింది 2.1 మీటర్లు. రాపిడి ఫ్లోకు వర్గంలో పెరుగుతుంది. ఫ్లో పెరిగేకొద్దీ పంపు హెడ్ కొంత దిగుతుంది; ఈ స్థిర వేగపు పంపు 8 మీటర్ల హెడ్ దగ్గర కుదురుకుందనుకుంటే ఫ్లో దాదాపు రెట్టింపు, గంటకు 1,000 లీటర్లు దాటుతుంది. అదే 12 కిలోవాట్లు రెట్టింపు నీటిలోంచి తీస్తే తేడా 20 డిగ్రీలకు బదులు 10 అవుతుంది. రిటర్న్ 50 కాక 60కి చేరుతుంది. సహజవాయువు పొగలోని ఆవిరి సుమారు 55 డిగ్రీల దిగువనే నీరై వేడి వదులుతుంది. రిటర్న్ 60 అయితే కండెన్సింగ్ బాయిలర్ కొన్న ఫలితమే పోయింది. రేడియేటర్ వాల్వులు ఈల వేస్తాయి. ఇంట్లోవాళ్లు బాయిలర్ చెడిందంటారు.

ఆ 8 మీటర్లు ఎక్కడికి పోవాలి? నింపే పీడనంలోకి, వెసెల్ గాలిలోకి. ఎత్తుకు 0.8 బార్, పైన గాలి లోపలికి రాకుండా 0.2 బార్: వెసెల్ గాలి పీడనం 1.0 బార్. నీరు చల్లగా ఉన్నప్పుడు దానికి 0.3 కలిపి 1.3 బార్‌కు నింపాలి. గాలిని టైరు గేజితో కొలిచేటప్పుడు వెసెల్ నీటివైపు పీడనం సున్నా చేసి కొలవండి. లూప్ నిండి ఉండగా కొలిస్తే నీటి పీడనమే మీకు గాలిలా కనబడుతుంది. ఫ్యాక్టరీ నుంచి 1.5 బార్‌తో వచ్చిన వెసెల్‌ను అలాగే బిగించి 1.3కి నింపితే దానిలోకి చుక్క నీరు చేరదు. అప్పుడు లూప్ చల్లారి నీరు కుదించుకుంటే ఇవ్వడానికి వెసెల్ దగ్గర ఏమీ ఉండదు.

వెసెల్ సైజు: లూప్‌లో 120 లీటర్ల నీరుందనుకుందాం. బాయిలర్ 80 డిగ్రీల దాకా వెళ్లగలదు. 10 నుంచి 80కి నీరు 2.9 శాతం పెరుగుతుంది, అంటే 3.5 లీటర్లు. రిజర్వు 3 లీటర్లు కలిపితే 6.5. సేఫ్టీ వాల్వు 3 బార్ కాబట్టి పై హద్దు 2.5. 6.5 × (2.5 + 1) ÷ (2.5 − 1.0) = 15.2 లీటర్లు (పైన కలిపిన 1 బయటి గాలి పీడనం). 18 లీటర్లది తీసుకోండి.

వెసెల్ ఎక్కడ కలుస్తుందన్నది రెండో గండం, పై తప్పుతో కలిస్తే ఇంకా చేటు. వెసెల్ కలిసిన చోట పంపు వేసినా ఆపినా పీడనం మారదు, ఎందుకంటే అది మారాలంటే వెసెల్‌లోకి నీరు రావాలి లేదా బయటికి పోవాలి, మూసిన లూప్‌లో పంపు ఆ నీటిని ఎక్కణ్నుంచీ తేలేదు. వెసెల్ పంపు సక్షన్ వైపుంటే పంపు హెడ్ లూప్ అంతటా కలుస్తుంది. డెలివరీ (నీటిని తోసే) వైపుంటే లూప్ అంతటా తగ్గుతుంది. సరైన 2 మీటర్ల పంపయితే ఈ తప్పు దాక్కుంటుంది, 0.2 బార్‌కు మించి తగ్గదు. 8 మీటర్ల దగ్గర నడిచే పంపయితే? పై రేడియేటర్ దగ్గర నిలకడ పీడనం, అంటే పంపు ఆగి ఉన్నప్పటిది, 1.3 − 0.8 = 0.5 బార్. అక్కడికి చేరేసరికి నష్టంలో 70 శాతం అయిపోతుంది, అంటే 0.55 బార్. రేడియేటర్ లోపల పీడనం బయటి గాలి కన్నా తక్కువ. థర్మోస్టాటిక్ వాల్వు సగం మూసుకుంటే ఇంకా దిగుతుంది. అప్పుడు ఆటోమేటిక్ ఎయిర్ వెంట్ గాలి వదలడం మాని గాలి పీలుస్తుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ ఉక్కు రేడియేటర్లను తిని నల్లటి బురద చేస్తుంది. పంపు వేసి ఉండగా పై రేడియేటర్ గాలిస్క్రూ విప్పితే నీరు రాకుండా గాలి లోపలికి లాగుతుంటే, ముందు వెసెల్ పైపు ఎక్కడ కలిసిందో చూడండి.

అటక మీద చిన్న తొట్టి ఉండే పాత బ్రిటిష్ ఇళ్లలో వెసెల్ పని ఆ తొట్టిదే, దాని నుంచి దిగే చల్లనీటి పైపు లూప్‌లో కలిసే చోటే వెసెల్ కలిసిన చోటు. అక్కడ వరస వెంట్ (తొట్టి మీదికి తెరుచుకుని ఉండే పైపు), చల్లనీటి పైపు, ఆ తరవాత పంపు. మొదటి రెండూ 150 మిల్లీమీటర్ల లోపు దూరంలో ఉండాలి. ఎడం పెరిగితే పంపు నడిచినప్పుడు వెంట్‌లోంచి వేడినీరు తొట్టిలోకి పోస్తుంది, లేదా గాలి లోపలికి వస్తుంది.

బ్యాలెన్సింగ్ గురించి ఇప్పటికి ఇంతే: థర్మోస్టాట్ తలలన్నీ విప్పి పక్కన పెట్టండి, బాయిలర్‌కు దగ్గరి రేడియేటర్ లాక్‌షీల్డ్‌ను బాగా బిగించి, దూరందాన్ని పూర్తిగా తెరిచి ఉంచండి, ప్రతి రేడియేటర్ రెండు పైపుల మధ్యా 20 డిగ్రీల తేడా వచ్చేలా దగ్గరి నుంచి దూరానికి వెళ్లండి. వివరంగా 8వ పాఠంలో.

అభ్యాసం. దీనికి ఒక సాయంత్రం పట్టొచ్చు, పట్టనివ్వండి. ఇదే ఇంట్లో బాయిలర్, పంపు, వెసెల్ అటక మీదికి మారాయి. పైపు అత్యున్నత చోటు వెసెల్‌కు 1 మీటరు పైన. పై అంతస్తు రేడియేటర్ వెసెల్‌కు 2 మీటర్ల కింద, అడుగు రేడియేటర్ 8 మీటర్ల కింద. లూప్ నీరు, సేఫ్టీ వాల్వు, నష్టాలు పైలాగే. బాయిలర్ మాన్యువల్ ప్రకారం 0.8 బార్ కన్నా తక్కువైతే అది వెలగదు. వెసెల్ గాలి, చల్లని పీడనం, వెసెల్ సైజు తేల్చండి. తరవాత పంపు సక్షన్, డెలివరీ, అత్యున్నత చోటు, పై రేడియేటర్, అడుగు రేడియేటర్, ఈ అయిదు చోట్ల పీడనాలు పట్టిక వేయండి: పంపు ఆపి ఒకసారి, వెసెల్ సక్షన్ వైపుండగా ఒకసారి, డెలివరీ వైపుండగా ఒకసారి. చివరి వరసను 10 మీటర్ల పంపుతో మళ్లీ రాయండి. నీరు బాగా వేడెక్కి వెసెల్ దగ్గర 2.5 బార్ ఉన్నప్పుడు అడుగు రేడియేటర్ మీద ఎంత పడుతుందో పక్కన రాయండి.