ఇంగ్లిష్ కుటుంబ వంశవృక్షం – 4వ పాఠం: 1841 నాటి వయసులు

గత పాఠంలో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ కౌంటీకి చెందిన ఒక వ్యవసాయ కూలీ బాప్తిస్మాన్ని వెతకమని అభ్యాసం ఇచ్చాను. దానికి వచ్చిన సమాధానాల్లో చాలావరకు ఒకే చోట ఆగిపోయాయి. ఆ కూలీ 1841 జనాభా లెక్కల్లో 25 ఏళ్లవాడిగా కనబడగానే, అతను 1816లో పుట్టాడని తేల్చేసి, ఆ ఒక్క ఏటి బాప్తిస్మాలు వెతికి, లేడని రాసేశారు. అందుచేత ఈసారి చెప్పవలసిన 18వ శతాబ్దపు పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రిజిస్టర్లను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

1841 జూన్ 6 రాత్రి ఇంట్లో ఉన్నవారిని నమోదు చేసిన ఆ లెక్కల్లో, 15 ఏళ్లు దాటినవారి వయసును అయిదు ఏళ్ల మెట్టుకు దించి రాయమని గణకులకు ఆదేశం ఉంది. 25 అని ఉంటే అది 25 నుంచి 29 దాకా ఏదైనా కావచ్చు, అంటే మన కూలీ 1811 జూన్‌కూ 1816 జూన్‌కూ మధ్య ఎప్పుడైనా పుట్టి ఉండవచ్చు. 15 అని రాసిన పనిపిల్లకు 19 నిండి ఉండవచ్చు, 60 అని రాసిన అవ్వకు 64 ఉండవచ్చు. చిన్నపిల్లలకు మాత్రం అసలు వయసే రాశారు. కొందరు గణకులు ఆదేశాన్ని పక్కనపెట్టి పెద్దలకూ 27, 33 అని ఉన్నదున్నట్టే రాశారు కనుక, మనవాడి వరుస ఒక్కటే చూడకుండా పుట మొత్తం చదవాలి. అంతర్జాలంలోని సూచికలు ఇవేవీ పట్టించుకోకుండా 1841లోంచి 25 తీసేసి ‘సుమారు 1816’ అని చూపుతాయి. ఆ ‘సుమారు’ను నమ్మినవారే ఎక్కువమంది పొరబడ్డారు.

ఆ లెక్కల్లో బంధుత్వం కూడా ఉండదు. పక్క వరుసలోని స్త్రీ భార్యే కానక్కర్లేదు, చెల్లెలూ కావచ్చు. నేనైతే 1851 లెక్కలతోనే మొదలుపెడతాను: ఇంటి పెద్దతో బంధుత్వం, పుట్టిన పారిష్ అందులో ఉంటాయి. 1837 జులై తర్వాత పెళ్లయితే, వివాహ ధ్రువపత్రంలో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు దొరుకుతాయి. 1813 నుంచి అచ్చు ఫారాల్లో రాసిన బాప్తిస్మ రిజిస్టర్లలో తండ్రి వృత్తి ఉంటుంది కాబట్టి, రెండింటినీ పోల్చవచ్చు.

అభ్యాసం: మన కూలీ పుట్టిన పారిష్‌లోనూ దాన్ని ఆనుకుని ఉన్న ప్రతి పారిష్‌లోనూ 1811 నుంచి 1820 వరకు అదే పేరుతో బాప్తిస్మం పొందిన వారందరినీ రాసుకోండి, బాప్తిస్మం కొన్నేళ్లు ఆలస్యం కావడం మామూలే. తర్వాత ఖనన రిజిస్టర్లు చూసి, పసితనంలో చనిపోయినవారిని కొట్టివేయండి. చనిపోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడం అక్కడ సాధారణం కనుక, కొట్టివేసిన పేరు కింద మళ్లీ వెతకండి. మిగిలినవాడి వివరాలతోపాటు, తక్కినవారిని ఎందుకు కాదన్నారో ఒక్కొక్కరికీ కారణం రాసి పంపండి.