పై అంతస్తు ఇంట్లో ఎండాకాలం ఖర్చు తగ్గాలంటే

మాది బెజవాడ సత్యనారాయణపురంలో పై అంతస్తు. రాత్రి పదింటికి కూడా శ్లాబు సెగ కక్కుతుంది. అందుకే ఏటా మార్చిలోనే డాబాకు సున్నం వేస్తాను. రాతి సున్నాన్ని ఇనప డబ్బాలో ముందురోజే నానబెట్టండి. ప్లాస్టిక్ బకెట్ వద్దు, సున్నం ఉడుకుతుంటే ఆ వేడికి మెత్తబడుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, కళ్లలో పడితే చాలా ప్రమాదం. పలచటి గుడ్డలో వడగట్టి, కాస్త ఫెవికాల్ కలిపి, ఎండ దిగాక రెండు పూతలు వేయండి. ఫెవికాల్ కలపకపోతే అరికాళ్లకు తెల్లగా అంటుకుని ఇల్లంతా అచ్చులే.

ఏసీ 26 మీద పెట్టి, ఫ్యాన్ కూడా వేసుకోండి. పాత 75 వాట్ల ఫ్యాన్ 13 గంటలు తిరిగితే ఒక యూనిట్. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారు ఫ్యాన్) అదే యూనిట్ 33 గంటలు వస్తుంది.

తాగే నీళ్లకు కుండ చాలు. కిటికీ పక్కన, తడి ఇసుక మీద పెట్టండి.