ఆటోఇమ్యూన్ జబ్బులో విటమిన్ ఎ: బిళ్ల వేసుకునే ముందు చూడాల్సినవి

ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేస్తే దాన్ని ఆటోఇమ్యూన్ జబ్బు అంటారు. ఎ విటమిన్ ఒంట్లో రెటినోయిక్ యాసిడ్‌గా మారి, ముఖ్యంగా పేగుల్లో, దాడిని అదుపు చేసే టి-రెగ్ కణాలను పెంచుతుంది, వాపును రేపే టిహెచ్-17 కణాలను తగ్గిస్తుంది. అలాగని ఎక్కువ మింగితే ఎక్కువ మేలు అనుకోకూడదు. సీలియాక్ జబ్బులోలా (గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఐఎల్-15 అనే, రక్షణ కణాలను రెచ్చగొట్టే ప్రోటీన్ ఎక్కువున్న చోట అదే యాసిడ్ వాపును ఎగదోస్తుందని 2011లో ఎలుకల మీద తేలింది. లోటుంటే పూడ్చుకోవాలి, అంతే.

లోటు తేల్చేది సీరం రెటినాల్ పరీక్ష, అంటే రక్తంలో ఎ విటమిన్ ఎంతుందో చూసేది. డెసిలీటరుకు 20 మైక్రోగ్రాముల కన్నా తక్కువుంటే లోటు. దాంతోపాటు అదే రోజు ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ రక్తపరీక్ష కూడా చేయించాలి. కీళ్లవాతం ముదిరి సీఆర్‌పీ పెరిగినప్పుడు, రెటినాల్‌ను మోసే ప్రోటీన్ తగ్గి, లోటు లేకున్నా అంకె పడిపోతుంది. అలాంటప్పుడు వాపు తగ్గాక మళ్లీ చూడాలి. లూపస్ (చర్మం, కీళ్లు, కిడ్నీల్లాంటి వాటిని దెబ్బతీసే ఆటోఇమ్యూన్ జబ్బు)తో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో మాత్రం అంకె ఎక్కువే కనిపిస్తుంది. క్రోన్స్ (పేగుల వాపు జబ్బు), సీలియాక్, పైత్యనాళాల జబ్బు ఉన్నవాళ్లకు కొవ్వు సరిగా ఒంటబట్టదు కాబట్టి లోటు నిజంగానే రావచ్చు. రేచీకటి ఉందేమో అడిగి తెలుసుకోవాలి.

ఇక లెక్క. పెద్దవాళ్లకు రోజువారీ పైహద్దు 3,000 మైక్రోగ్రాములు, అంటే 10,000 ఐయూ (విటమిన్ సీసాల మీద రాసే కొలత). మందుల షాపులో దొరికే 25,000 ఐయూ క్యాప్సూల్ ఒక్కటే దానికి రెండున్నర రెట్లు. మల్టీవిటమిన్, కాడ్ లివర్ ఆయిల్, లివర్ వేపుడు కూడా లెక్కలో కలపాలి. మునగాకు, తోటకూర, క్యారెట్‌లలోది బీటా కెరోటిన్, దాన్ని ఒళ్లు అవసరమైనంతే మార్చుకుంటుంది గనుక వాటితో విషమెక్కదు. కాస్త నూనెతో వండితే చాలు. పొగతాగేవాళ్లు మాత్రం బీటా కెరోటిన్ బిళ్లల జోలికి పోకూడదు.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు (మెదడు, వెన్నుపాము నరాల మీద దాడి జరిగే జబ్బు) ఇరాన్‌లో జరిపిన ఏడాది ట్రయల్లో రోజుకు 25,000 ఐయూ ఆరు నెలలు, తర్వాత 10,000 ఇచ్చారు. జబ్బు తిరగబెట్టడం మాత్రం తగ్గలేదు. ఆ మోతాదును చూసి సొంతంగా మొదలుపెట్టకండి.

కీళ్లవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ఆ మందు, ఎ విటమిన్ కలిసి లివర్ మీద రెండు భారాలవుతాయి. చర్మ జబ్బులకిచ్చే అసిట్రెటిన్, ఐసోట్రెటినాయిన్‌లు కూడా ఎ విటమిన్ జాతి మందులే, వాటితో అసలు కలపకూడదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్‌తో కలిస్తే పుర్రె లోపల, మెదడు మీద ఒత్తిడి పెరగొచ్చు. గర్భిణులు, గర్భం కోరుకునేవాళ్లు రోజుకు 10,000 ఐయూ దాటితే బిడ్డకు లోపాలు రావచ్చు.

మోతాదు మించితే ఒళ్లు పొడిబారుతుంది, జుట్టు రాలుతుంది, తలనొప్పి, ఎముకల నొప్పులు వస్తాయి. వీటిని చూసి లూపస్ ముదిరిందనుకుని స్టెరాయిడ్ పెంచే ప్రమాదముంది. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.