టర్బో కారులో కూలెంట్ ఫ్లేంజ్ లీకు: కనిపెట్టడం, మార్చడం

ట్యాంకులో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కొద్దికొద్దిగా తగ్గుతూ ఉంటుంది, కారు కింద మాత్రం చుక్క కనపడదు. పాత టర్బో కార్లున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఈ సంగతే. "తగ్గినప్పుడల్లా పోసుకుంటూ నడిపిస్తే సరిపోదా?" అని కూడా అడుగుతారు. సరిపోదు. టెంపరేచర్ సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉన్నంతవరకే మీటరు నిజం చెబుతుంది. లెవెల్ బాగా పడిపోయి సెన్సర్ చుట్టూ గాలో ఆవిరో చేరితే, లోపల సిలిండర్ హెడ్ (ఇంజన్ పైభాగం) కాగిపోతున్నా ముల్లు మామూలు చోటే ఉండొచ్చు. అందుకే, "మీటరు బాగానే ఉంది కదా" అనే ధైర్యం లీకున్న కారులో పనికిరాదు.

నా కారుది 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్. ఇలా కంటపడకుండా కారే చోట్లలో ఒకటి కూలెంట్ ఫ్లేంజ్, అంటే హెడ్‌లోంచి వచ్చే కూలెంట్‌ను హోస్‌లకు (రబ్బరు గొట్టాలకు) పంచే భాగం. నా ఇంజన్‌లో అది సిలిండర్ హెడ్ చివర, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అరచేతిలో పట్టేంత నల్లటి ప్లాస్టిక్ భాగం. ఒక పక్క రెండు బోల్టులతో హెడ్‌కి బిగుస్తుంది, మధ్యలో ఓ రింగ్, అంటే ఇంగ్లీషు O ఆకారంలో ఉండే రబ్బరు సీల్. మిగతా పక్కల రేడియేటర్‌కి, హీటర్‌కి వెళ్ళే హోస్‌లు తొడిగే మూతులుంటాయి. టెంపరేచర్ సెన్సర్ కూడా దీంట్లోనే. మీ ఇంజన్‌లో ఇది ముందువైపు ఉండొచ్చు, వెనక గోడ వైపు ఉండొచ్చు, బోల్టులు మూడుండొచ్చు. పని చేసే తీరు మాత్రం ఒక్కటే.

ఇది పాడవడానికి పెద్ద కారణం వేడి. హెడ్‌లోంచి కాగి వచ్చే కూలెంట్ ముందు తగిలేది దీనికే. పైగా చాలా టర్బోల్లో బేరింగులుండే భాగాన్ని చల్లబరచేది కూడా ఇదే కూలెంట్. హైవే మీద గట్టిగా తోలి వచ్చి వెంటనే ఇంజన్ ఆపితే పంపు ఆగిపోతుంది, టర్బోలో ఉన్న వేడి మాత్రం ఎక్కడికీ పోదు. ఆపిన కాసేపటికి కూలెంట్ వేడి, ప్రెషర్ ఇంకాస్త పెరుగుతాయి. ఆపాక కూడా తిరిగే ఎలక్ట్రిక్ పంపును కొన్ని కార్లకు పెట్టింది అందుకే. ఏళ్ళ తరబడి ఇలా కాగి చల్లారేసరికి ప్లాస్టిక్ పెళుసు బారుతుంది, ఓ రింగ్ సాగే గుణం పోగొట్టుకుంటుంది.

తడి ఎక్కడ మొదలైంది?

ఈ పనిలో అసలు కష్టం ఇదే. విప్పి బిగించడం ఆ తర్వాతి సంగతి. కూలెంట్ కారినచోటే కనపడాలని రూలేమీ లేదు. బోల్టు తల మీదుగా, వైరు వెంట, గేర్‌బాక్స్ అంచు మీదుగా పాకి, ఎక్కడో కింద చుక్కగా వేలాడుతుంది. మా చెల్లెలి కారుకి ఒక గ్యారేజీలో గేర్‌బాక్స్ దించి, ఇంజన్ ఆయిల్ కారకుండా ఆపే వెనక సీల్ మార్చాలన్నారు. తడి నిజంగానే ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య అతుకులోంచి వస్తోంది. కానీ వేలితో తీసి చూస్తే అది ఆయిల్ కాదు. జారుగా, లేత గులాబీ రంగులో, తియ్యటి వాసనతో ఉంది. టార్చ్ వేసుకుంటూ పైకి వెళితే ఫ్లేంజ్ కింది అంచున ఎండిపోయిన గులాబీ పొర కనిపించింది. గేర్‌బాక్స్ జోలికి పోకుండానే పని అయిపోయింది.

కాబట్టి అన్నిటికంటే ఎక్కువ తడిసిన చోటు చూడకండి, అన్నిటికంటే ఎత్తులో తడిసిన చోటు వెతకండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, పొద్దున్నే, ఇంకా స్టార్ట్ చేయకముందు చూడటం మేలు. వేడి మీద కారిన కూలెంట్ కారినట్టే ఆవిరైపోతుంది కాబట్టి కింద చుక్క పడదు. పైగా కొన్ని ఫ్లేంజ్‌లు చల్లగా ఉన్నప్పుడే చెమరుస్తాయి, వేడెక్కి ప్లాస్టిక్, రబ్బరు వ్యాకోచించగానే లీకు మూసుకుపోతుంది. పిడికిట్లో ఇమిడే చిన్న అద్దం, టార్చ్ తీసుకుని ఫ్లేంజ్ అడుగుభాగం, వెనకభాగం చూడండి. తెల్లగానో, కూలెంట్ రంగులోనో ఉప్పు పేరుకున్నట్టు పొర కడితే, తడి లేకపోయినా అక్కడ లీకు ఉన్నట్టే. సెన్సర్ కనెక్టర్ కూడా ఊడదీసి చూడండి. పిన్నుల మీద పచ్చటి తుప్పు, లోపల తడి ఉంటే కూలెంట్ సెన్సర్‌లోంచే వస్తోంది. దాన్ని కూడా మార్చాల్సిందే.

ఏసీ నీళ్ళు చూసి కంగారు పడేవాళ్ళూ ఉన్నారు. అవి రంగు, వాసన లేని మామూలు నీళ్ళు, వేళ్ళ మధ్య జారవు. వాసన చూడండి చాలు, రుచి మాత్రం చూడొద్దు. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కిడ్నీలను పాడుచేసే విషం.

కంటికి దొరక్కపోతే ప్రెషర్ టెస్టర్ కావాలి. ట్యాంకు మూత స్థానంలో బిగించే చేతిపంపు అది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకే కొట్టాలి, అది దాటకూడదు. ఒక పావుగంట వదిలేసి ముల్లు చూడండి. పడిపోతుంటే చెవి పెట్టి వినండి, అద్దంతో మళ్ళీ వెతకండి. ముల్లు కదలకుండా ఉన్నా ఫ్లేంజ్ బాగుందని అప్పుడే నిర్ణయించుకోవద్దు. చిన్న లీకైతే కూలెంట్‌లో కలిపే ఫ్లోరసెంట్ రంగు వాడండి. కొన్నిరోజులు నడిపాక యూవీ లైటు వేస్తే లీకున్న చోట మెరుస్తుంది.

ఫ్లేంజ్ మీద నేరం మోపేముందు మిగతా అనుమానితులను కూడా ఒకసారి చూడాలి. టర్బోకి వెళ్ళే కూలెంట్ పైపు చివర బోల్టుకు రెండు పక్కలా రాగి వాషర్లు ఉంటాయి, అవి కారడం మామూలే. వాటర్ పంపు, ట్యాంకు అతుకు, హోస్ చివరలు కూడా చూడండి. కారు లోపల కాళ్ళ దగ్గర తడి, అద్దాల మీద జిడ్డు పొర ఉంటే హీటర్ కోర్‌ను (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్‌ను) అనుమానించాలి. ఎగ్జాస్ట్‌లోంచి ఆగకుండా తెల్ల పొగ, ట్యాంకులో బుడగలు, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే హోస్‌లు రాయిలా గట్టిపడటం... ఇవి హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) పోయిన లక్షణాలు. ఇంజన్‌లో మండిన గ్యాసు కూలెంట్‌లోకి వస్తోందేమో, ట్యాంకు మూతి దగ్గర పెట్టే నీలం ద్రవంతో టెస్ట్ చేయించండి. పెట్రోల్ ఇంజన్లో అది పసుపు రంగులోకి మారితే ఈ వ్యాసం మీకు పనికిరాదు, పని పెద్దది.

విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద మూత తీస్తే ప్రెషర్ ఒక్కసారిగా తగ్గి, మరిగే కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది. తొందరపడొద్దు.

కొత్త ఫ్లేంజ్, కొత్త ఓ రింగ్, సెన్సర్‌కి కొత్త ఓ రింగ్, దాన్ని పట్టి ఉంచే క్లిప్పు ముందే దగ్గర పెట్టుకోండి. సెన్సర్ పాతదైతే ఇప్పుడే మార్చేయడం నయం, దానికోసం మళ్ళీ కూలెంట్ దించాల్సిన పని ఉండదు. అల్యూమినియం ఫ్లేంజ్‌లు కూడా దొరుకుతాయి. అవి పెళుసెక్కి విరగవు, నిజమే. కానీ కూర్చునే ముఖం చదునుగా ఉందో లేదో అద్దం పలక మీద పెట్టి చూసుకోవాలి. సరిగ్గా పోతపోయని అల్యూమినియం కంటే మంచి ప్లాస్టిక్కే నేను ఎంచుకుంటాను.

చోటు కోసం ఎయిర్ ఫిల్టర్ పైపు, కొన్ని కార్లలో బ్యాటరీ, దాని ట్రే తీయాల్సి వస్తుంది. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీయాలి. ఏ హోస్ ఎటు పోతోందో ఫోన్‌తో రెండు మూడు వైపుల నుంచి ఫొటోలు తీసి పెట్టుకోండి. కూలెంట్ అంతా దించక్కర్లేదు, లెవెల్ ఫ్లేంజ్ కిందికి వచ్చేంత దించితే చాలు. శుభ్రమైన తొట్టిలో పట్టి రంగు చూడండి. తుప్పు రంగు తిరిగినా, నూనె తెట్టు కట్టినా మళ్ళీ పోయొద్దు. తొట్టి మీద వెంటనే మూత పెట్టండి. తియ్యగా ఉంటుంది కదా అని కుక్కలు, పిల్లులు తాగేస్తాయి.

పాత హోస్‌లను ప్లయర్‌తో మెలిపెట్టి లాగొద్దు. పెళుసెక్కిన ఫ్లేంజ్ మూతి హోస్ లోపలే పుటుక్కున విరిగి ఉండిపోతుంది. క్లిప్పు వెనక్కి జరిపి, హోస్ అంచు కింద మొద్దు కొక్కెం లాంటిది పెట్టి చుట్టూ నెమ్మదిగా వదులు చేస్తే వచ్చేస్తుంది. ఒకవేళ విరిగితే ముక్కలన్నీ బయటికి తీసి, పాత మూతి ఆకారం వచ్చేలా పేర్చి చూసుకోండి. ఒక్క ముక్క తక్కువైనా అది హోస్‌లోనో హెడ్‌లోనో ఉంది. ప్లాస్టిక్‌కి అయస్కాంతం పనిచేయదు. సన్నటి గొట్టం తగిలించిన వ్యాక్యూమ్‌తో లాగాలి. వదిలేస్తే హీటర్ కోర్‌కో థర్మోస్టాట్‌కో చేరి అడ్డం పడుతుంది.

నా ఇంజన్‌లో బోల్టులకు 10 ఎంఎం సాకెట్ పడుతుంది. కింది బోల్టు కంటికి కనపడదు. ముందు వేలితో తడిమి తల ఎటు ఉందో తెలుసుకుని, పొడవు ఎక్స్‌టెన్షన్ తగిలించిన సాకెట్‌ను వేలితోనే దారి చూపించి కూర్చోబెట్టాలి. సాకెట్ పూర్తిగా కూర్చోకుండా బలం పెడితే తల గుండ్రమైపోతుంది. హెడ్ అల్యూమినియం, బోల్టు ఉక్కు కాబట్టి ఏళ్ళ తేమకు అతుక్కుపోయి ఉంటుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు ఆగండి. కొంచెం విప్పి, మళ్ళీ కొంచెం బిగించి, మళ్ళీ విప్పుతూ రండి. బోల్టు విరిగితే ఈ పూట పని కాస్తా హెడ్ పనైపోతుంది.

ఫ్లేంజ్ బయటికొచ్చాక పాత ఓ రింగ్‌ను వేళ్ళ మధ్య తిప్పి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు ఫ్లేంజ్ గాడిలో నొక్కుకుని నలుపలకలుగా మారి ఉంటుంది, వంచితే తిరిగి లేవదు. లీకుకు జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

బిగించడం

కూలెంట్ దారిలోకి చెత్త పోకుండా హెడ్ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ దూర్చండి. ఇప్పుడు హెడ్ మీద ఫ్లేంజ్ కూర్చునే చోటును శుభ్రం చేయాలి. నేను మొత్తం పనిలో ఎక్కువసేపు గడిపేది ఇక్కడే. స్క్రూడ్రైవర్‌తో గీకితే మెత్తటి అల్యూమినియం మీద గీత పడుతుంది, ఓ రింగ్ ఎంత కొత్తదైనా ఆ గీత వెంట కూలెంట్ దారి చేసుకుంటుంది. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో పొర తీసి, నైలాన్ స్క్రబ్బర్‌తో చేత్తో మెల్లగా రుద్దండి. డ్రిల్లుకు తగిలించే గరుకు డిస్కులు వద్దు, వాటి రజను ఇంజన్లోకి పోతుంది. పూర్తయ్యాక కళ్ళు మూసుకుని గోరు చివర చుట్టూ నడిపించి చూడండి. గోరు ఎక్కడా తట్టుకోకూడదు.

బోల్టు రంధ్రాలు కూడా పొడిగా ఉండాలి. అడుగు మూసుకున్న రంధ్రంలో కూలెంట్ నిలిచి ఉంటే బోల్టు దిగేకొద్దీ అది నలిగి తిరగబడుతుంది. రెంచ్ బిగిసిందని చెబుతుంది, ఫ్లేంజ్ మాత్రం సరిగా కూర్చోదు. గాలి కొట్టి ఆరబెట్టండి.

ఓ రింగ్‌కు సిలికాన్ గమ్ రాయొద్దు, ఎవరు చెప్పినా సరే. ఎక్కువైన గమ్ లోపల ఊడి కూలెంట్‌లో తిరుగుతుంది. పెట్రోలియం గ్రీజు కూడా వద్దు. ఈ రింగులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి, నూనె తగిలితే ఉబ్బిపోతాయి. కాస్త కొత్త కూలెంట్‌తో తడిపితే చాలు.

దూర్చిన గుడ్డ తీశారో లేదో చూసుకుని, ఫ్లేంజ్‌ను నిటారుగా చేత్తో నొక్కండి. హెడ్‌కి చుట్టూ సమంగా ఆనాలి. బోల్టులు ముందు వేళ్ళతోనే తిప్పి, తర్వాత ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి బిగించండి. ఒక బోల్టును పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే ఫ్లేంజ్ వంకరగా కూర్చుంటుంది, లేదా పగులుతుంది. నా ఇంజన్‌లో ఉన్న ఎం6 బోల్టులకు టార్క్ (తిప్పి బిగించే బలం) 10 న్యూటన్ మీటర్లు. మీ కారుది మాన్యువల్‌లో చూడండి. చక్రాలు బిగించే పెద్ద టార్క్ రెంచ్ ఇంత తక్కువ టార్క్‌ను సరిగా కొలవలేదు, చిన్నది వాడాలి. హోస్ క్లిప్పులను పాత గుర్తు మీదే పెట్టండి. కంపెనీ ఇచ్చే స్ప్రింగు క్లిప్పులు హోస్ వేడికి ఉబ్బినా, చల్లారి ముడుచుకున్నా దానితోపాటే సర్దుకుంటాయి. మర తిప్పే క్లిప్పుల కంటే ఇవే నయం.

కూలెంట్ పోయడం, గాలి తీయడం

కూలెంట్‌ను రంగు చూసి కొనొద్దు. ఒకే రంగులో వేర్వేరు రకాలుంటాయి, మాన్యువల్‌లో రాసిన రకమే పోయండి. గాఢమైనదైతే మినరల్స్ తీసేసిన నీళ్ళు సగానికి సగం కలపాలి. చిక్కగా ఉంటే మంచిదనుకుని ఎక్కువ పోస్తే వేడి మోసుకెళ్ళే శక్తి తగ్గుతుంది.

హీటర్‌ను ఫుల్ హాట్‌లో పెట్టి నెమ్మదిగా పోయండి. కొన్ని కార్లలో గాలి తీసే స్క్రూ ఉంటుంది. నా కారులో హీటర్ హోస్‌కే చిన్న రంధ్రం ఉంది, హోస్‌ను కాస్త వెనక్కి లాగితే అది బయటపడుతుంది. అందులోంచి బుడగల్లేకుండా కూలెంట్ వచ్చేవరకు పోసి, హోస్ మళ్ళీ లోపలికి తోసి క్లిప్పు వేస్తాను. ఇంజన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేవరకు ఐడిల్‌లో ఉంచండి. లోపల హీటర్ గాలి వేడిగా రావాలి. టెంపరేచర్ పెరుగుతున్నా హీటర్ చల్లగాలే కొడుతోందంటే లోపల గాలి ఇరుక్కుంది. వెంటనే ఇంజన్ ఆపి, చల్లారాక మళ్ళీ గాలి తీయండి.

మర్నాడు పొద్దున లెవెల్ కొంచెం దిగితే భయపడక్కర్లేదు, మిగిలిన గాలి బయటికొచ్చింది అంతే. గుర్తు వరకు పోయండి. మొదటి వారంలో, బాగా వేడెక్కి చల్లారిన తర్వాత, అద్దం పెట్టి ఫ్లేంజ్ అడుగు చూస్తూ ఉండండి. పాత మరకలన్నీ ముందే కడిగేసి ఉంటే కొత్త తడి ఇట్టే తెలుస్తుంది. ఒకవేళ తడి కనిపిస్తే బోల్టులు ఇంకా బిగించొద్దు. ప్లాస్టిక్ పగలడమో, హెడ్‌లో మర పోవడమో తప్ప లీకు ఆగదు. విప్పి ఓ రింగ్ చూడండి. చాలావరకు అది గాడిలోంచి జారి ఒక చోట నలిగి ఉంటుంది. దాన్ని పారేసి ఇంకో కొత్తది వేయండి.