బైపాస్ అయిన పొట్టకి పండగ భోజనం
గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి పొట్టని చిన్నది చేసి నేరుగా పేగుకి కలిపే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు విజయనగరం సిరిమాను పండక్కి చుట్టాలింటికి వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. విస్తట్లో ముందు పడేది స్వీటే. దాన్ని పక్కకు జరిపి, ముందు చేపముక్కో, గుడ్డో, పప్పో నెమ్మదిగా నమిలి తినండి. ఆపరేషనై నాలుగేళ్లయింది, ఇంకేమవుతుందిలే అని నేను రెండు బూరెలు లాగించాను. అరగంట తిరక్కుండా చెమటలు, గుండెదడ, కడుపులో మెలి. వదిన మంచం వాల్చింది. తీపి ఒక్కసారిగా పేగులోకి జారిపోతే అంతే మరి. నీళ్లు భోజనం మధ్యలో కాదు, అరగంట ఆగి తాగండి. ఐరన్ మాత్రకీ కాల్షియం మాత్రకీ రెండు గంటల ఎడం ఉంచండి. ఐరన్ టీతో అసలు వద్దు. బీ12 విటమిన్ ఆపకండి, అది జీవితాంతం. చోడి (రాగి) అంబలి తాగుతారా? బెల్లం వద్దు, మజ్జిగ పోసుకోండి.